నెట్ బాగుచేసే స్క్రిప్టు: పాతబస్తీ దుకాణదారులకు చేయవలసినవి, చేయకూడనివి

2025 ఆగస్టు 17 రాత్రి హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఒక్క రోజు తేడాతో పాతబస్తీ బండ్లగూడలో వినాయక విగ్రహాన్ని తీసుకొస్తుండగా హైటెన్షన్ తీగ తగిలి ఇద్దరు కుర్రాళ్లు పోయారు. ఆ వెంటనే విద్యుత్ సంస్థ సిబ్బంది స్తంభాల మీద వేలాడే కేబుళ్లను కోసుకుంటూ వచ్చారు. నగరంలో చాలా పేటల్లో నెట్ ఆగిపోయింది, కొన్నిచోట్ల గంటలపాటు, కొన్నిచోట్ల రోజుల తరబడి. టెలికం కంపెనీలు మొత్తుకున్నాయి. వ్యవహారం మదీనా కూడలి పక్కన, మూసీ ఒడ్డున ఉన్న హైకోర్టు దాకా వెళ్లింది.

ఆ రోజుల్లో పత్తర్‌గట్టీలో ఏదో ఒక ముత్యాల దుకాణంలోని కంప్యూటరును ఊహించుకోండి. నెట్ పోయినప్పుడల్లా దానంతటదే సరిచేసేలా ఎవరో స్క్రిప్టు రాసిపెట్టారు. ఈ ‘ఎవరో’ సాధారణంగా మాదాపూర్‌లో పనిచేసే బావమరిది అయి ఉంటాడు. ఐదు నిమిషాలకోసారి ఆ స్క్రిప్టు లేస్తుంది, బయటికి పింగ్ కొడుతుంది, అంటే ‘ఉన్నావా’ అని పిలుస్తుంది, జవాబు రాకపోతే నెట్‌వర్క్ కార్డును ఆపి మళ్లీ వేస్తుంది, ఉన్న ఐపీ అడ్రసు వదిలేసి కొత్తది అడుగుతుంది, సైట్ల పేర్లను అడ్రసులుగా మార్చే డీఎన్‌ఎస్ క్యాష్ తుడిచేస్తుంది. బయట తీగ రెండు ముక్కలై ఫుట్‌పాత్ మీద పడి ఉంది. లోపల స్క్రిప్టు రోజుకు 288 సార్లు అదే పని చేస్తోంది. నీళ్లు వదలని రోజు నల్లా తిప్పుతూ కూర్చున్నట్టు. నీళ్లు రాకపోతే పోనీ, తిప్పగా తిప్పగా నల్లా ఊడి చేతికొస్తేనే ఇబ్బంది.

ఈ స్క్రిప్టులు పనికిమాలినవని అనడం లేదు. వైఫై డాంగిల్ బిగుసుకుపోయినా, రౌటరు ఇచ్చిన అడ్రసు గడువు తీరిపోయినా, డీఎన్‌ఎస్ పాత సమాచారం పట్టుకుని వేలాడుతున్నా స్క్రిప్టు చక్కగా ఆదుకుంటుంది. అయితే ఇవన్నీ కంప్యూటరు లోపలి జబ్బులు. చార్మినార్, షాలిబండ, మొఘల్‌పురా, యాకుత్‌పురా గల్లీల్లో నేను చూసినంతవరకు నెట్ పోయే కారణాల్లో ఎక్కువ భాగం గడప బయటే ఉంటాయి. అందుకే బయటి నుంచే మొదలుపెడతాను.

స్తంభం, తీగ, కేబుల్

స్తంభం ఎక్కకండి. మేడ మీది నుంచి వంగి కేబుల్ లాగకండి. ‘ఫైబర్‌లో కరెంటు ఉండదు కదా భాయ్’ అని ధైర్యం చెప్పేవాళ్లు ప్రతి గల్లీలో ఉంటారు. గాజు పోగులో కరెంటు పారదన్నది నిజమే. కానీ స్తంభం నుంచి ఇంటికి వచ్చే ఫైబర్ కేబుల్‌లో, అది సాగిపోకుండా, తెగకుండా ఉక్కు తీగ పెడతారు. ఆ ఉక్కు పైనెక్కడో కరెంటు లైనుకు ఆనుకుని ఉంటే కింద పట్టుకున్నవాడికి షాక్ కొడుతుంది. పాత గల్లీల్లో 11 వేల వోల్టుల లైన్లు బాల్కనీకి చేతికందేంత దూరంలో పోయే చోట్లున్నాయి. అక్కడ ఇనుప కడ్డీతోనో తడి కర్రతోనో కేబుల్ సర్దడమంటే ప్రాణంతో ఆడుకోవడమే.

ఇంటి నుంచి ఇంటికి మేడల మీదుగా లాగిన ల్యాన్ తీగలు ఇంకా ప్రమాదం. అవి రాగి తీగలు. మధ్యలో పెట్టిన స్విచ్ డబ్బాకు ఎవరింటి నుంచో కరెంటు ఇచ్చి ఉంటారు. ఎర్తింగ్ లేని ఆ డబ్బాలో ఇన్సులేషన్ పాడైతే 230 వోల్టులు నేరుగా మీ కంప్యూటరు వెనక ప్లగ్గు దాకా రావచ్చు. ల్యాన్ తీగ పట్టుకుంటే చురుక్కుమంటోందని కుర్రాడు చెప్తే నవ్వి ఊరుకోకండి. ఆ తీగను ముట్టుకోవద్దనండి. ఆ డబ్బాకు కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కుని, అక్కడ ఆపించాకే తీగ పీకించండి.

తెగి కిందపడ్డ తీగ ఏదైనా సరే, అది కరెంటు తీగే అనుకుని దూరం జరగండి. పిల్లల్ని, మేకల్ని అటు పోనివ్వకండి. 1912కు ఫోన్ చేసి స్తంభం నంబరు చెప్పండి. విరిగిన ఫైబర్ కొసను కంటికి ఎదురుగా పెట్టుకుని వెలుగు వస్తోందా అని చూడకండి. అందులో పారే లేజర్ కిరణం ఇన్‌ఫ్రారెడ్, కంటికి కనపడదు. కనపడలేదు కదా అని లేనట్టు కాదు. గాజు ముక్కలు చర్మంలో దిగితే తీయడం కష్టం, కాబట్టి వట్టి చేతులతో ఊడ్చకండి. ఇక ఇన్సులేషన్ టేపుతో ఫైబర్ అతికించే ప్రయత్నం గురించి చెప్పాలా? వెంట్రుకంత గాజు పోగుల్ని కరిగించి కలపడానికి స్ప్లైసింగ్ యంత్రం కావాలి. టేపు చుడితే మరో రెండంగుళాలు పాడవుతుంది, అంతే.

డబ్బా, బోర్డు, కరెంటు

స్క్రిప్టు ఏం చెప్తోందో చూసేముందు డబ్బా మీద దీపాలు చూడండి. ఫైబర్ డబ్బా మీద ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలుగుతూ, ఆరుతూ ఉంటే బయటి నుంచి వెలుగు అందడం లేదని అర్థం. పాన్ అనే దీపం ఆకుపచ్చగా నిలకడగా ఉండాలి. ఎర్ర దీపం ఉన్నంతసేపు కంప్యూటరులో ఏ కమాండు కొట్టినా పనికిరాదు. స్క్రిప్టును ఆపేయండి, కనెక్షన్ ఇచ్చినవాళ్లకు ఫోన్ చేయండి. దుకాణంలో పనిచేసే పిల్లలకు ఈ రెండు దీపాల గురించి చెప్పిపెడితే సగం గొడవ తీరుతుంది.

ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు రౌటరు, ఫైబర్ డబ్బా, కెమెరా రికార్డరు, ప్రింటరు, పైన కూలరు తగిలించకండి. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర జరిగిన అగ్నిప్రమాదంలో 17 మంది చనిపోయారు, వాళ్లలో చిన్నపిల్లలూ ఉన్నారు. షార్ట్ సర్క్యూటే కారణమని అధికారులు చెప్పారు. కింద దుకాణాలు, పైన ఇళ్లు, లోపలికీ బయటికీ ఒకటే ఇరుకు దారి. చార్ కమాన్ చుట్టుపక్కల ఇలాంటి కట్టడాలు ఎన్ని ఉన్నాయో అక్కడ తిరిగేవాళ్లకు తెలుసు. రౌటరు అడాప్టరు చేయి పెట్టలేనంత వేడెక్కుతుంటే, బోర్డులోంచి చిటపట వినిపిస్తుంటే, నెట్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు మెయిన్ ఆపండి.

కొందరు స్క్రిప్టుతో ఆగక దానికి చేతులు కూడా తగిలిస్తారు. నెట్ పోతే రిలే బోర్డు ద్వారా రౌటరుకు కరెంటు తీసి మళ్లీ ఇస్తుంది. కోఠిలో, జగదీశ్ మార్కెట్‌లో రిలే బోర్డులు చవగ్గా దొరుకుతాయి, ఆన్‌లైన్‌లో ఇంకా చవక. అట్టపెట్టెలో పెట్టి, 230 వోల్టుల తీగలను మెలిపెట్టి టేపు చుట్టిన రిలేను దుకాణంలో ఉంచకండి. అంతగా కావాలనుకుంటే రౌటరు అడాప్టరు తర్వాతి 12 వోల్టుల వైపు రిలే పెట్టించండి, లేదా ఐఎస్ఐ గుర్తున్న స్మార్ట్ ప్లగ్ కొనండి. ఒకసారి కరెంటు ఇచ్చాక కనీసం ఐదు నిమిషాలు ఆగకుండా మళ్లీ తీయకూడదన్న నియమం స్క్రిప్టులో రాయండి. డబ్బా పూర్తిగా లేచి, లైను పట్టుకుని, అడ్రసులు పంచడానికి రెండు మూడు నిమిషాలైనా పడుతుంది. ఆ లోపు మన స్క్రిప్టు ‘ఇంకా నెట్ రాలేదు’ అని మళ్లీ ఆపేస్తే డబ్బా ఎప్పటికీ లేవదు. పైగా అది కొత్త ఫర్మ్‌వేర్ రాసుకుంటున్న సమయంలో కరెంటు తీస్తే శాశ్వతంగా పోవచ్చు.

పింగ్‌ను గుడ్డిగా నమ్మకండి

‘స్క్రిప్టు నెట్ బాగుందంటోంది, ఇక్కడ ఒక్క పేజీ తెరుచుకోదు.’ ఈ ఫిర్యాదు ఎక్కడ విన్నా నేను మొదట చూసేది పింగ్‌నే.

విండోస్‌లో పింగ్‌కు ఒక చెడ్డ అలవాటుంది. అవతలి యంత్రం దొరకనప్పుడు మన కంప్యూటరో, మధ్యలో ఉన్న రౌటరో ‘డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్’ అని జవాబిస్తుంది. దారి లేదని చెప్పడం కూడా జవాబే కదా అన్నట్టు పింగ్ దాన్ని వచ్చిన జవాబుల లెక్కలో వేసుకుని చివర్లో సున్నా కోడ్ ఇస్తుంది. స్క్రిప్టుల భాషలో సున్నా అంటే విజయం. దాంతో తీగ ఊడి ఉన్నా స్క్రిప్టు హాయిగా నిద్రపోతుంది. కాబట్టి ఒక్క కోడ్ చూసి ఊరుకోకండి. వచ్చిన జవాబు వరుసలో ‘టీటీఎల్=’ అనే మాట ఉందో లేదో వెతికించండి. నిజంగా అవతలి యంత్రమే పలికితేనే ఆ మాట ఉంటుంది. ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఐపీ ఆరో వెర్షన్ అడ్రసుకు పింగ్ చేస్తే విండోస్ టీటీఎల్ చూపించదు. అప్పుడు బాగున్న నెట్ కూడా చెడ్డదిగా కనిపించి, స్క్రిప్టు లేని జబ్బుకు వైద్యం మొదలెడుతుంది. నాలుగో వెర్షన్‌తోనే పింగ్ చేయమని స్పష్టంగా రాయండి.

పరీక్షను దగ్గరి నుంచి దూరానికి నడిపించండి. మొదట సొంత అడ్రసు. అది 169.254తో మొదలైతే రౌటరు అడ్రసు ఇవ్వలేదని, కంప్యూటరు తానే ఏదో పెట్టుకుందని అర్థం. అప్పుడు బయటికి పింగ్ కొట్టడం దండగ, తీగో వైఫైయో చూడాలి. తర్వాత రౌటరు, అంటే చాలా ఇళ్లలో 192.168.1.1 లాంటిది. అది పలికితే బయట 8.8.8.8, 1.1.1.1 వంటి రెండు వేర్వేరు చోట్లు. ఒక్కచోటే అడిగితే వాళ్లు పింగ్‌ను అడ్డుకున్న రోజు మనం మోసపోతాం. ఆ అంకెల అడ్రసులు పలికి, పేరుతో అడిగితే పలకకపోతే అది డీఎన్‌ఎస్ జబ్బు. ఎక్కడ ఆగిందో ఆ మెట్టుకు తగిన మరమ్మతు మాత్రమే చేయాలి. రౌటరే పలకనప్పుడు డీఎన్‌ఎస్ క్యాష్ తుడిచే స్క్రిప్టులు ఎన్ని తిరుగుతున్నాయో చెప్పలేను.

చివరి మెట్టును చాలామంది వదిలేస్తారు. ప్యాకు గడువు తీరితే పింగులు పలుకుతూనే ఉండొచ్చు, కానీ ఏ పేజీ తెరిచినా రీచార్జి చేసుకోమనే పేజీ వస్తుంది. పేజీ వచ్చింది కాబట్టి నెట్ ఉందని స్క్రిప్టు సంబరపడుతుంది. విండోస్ దీనికో ఉపాయం చేసుకుంది. తన సర్వరులో ఒక చిన్న ఫైలు పెట్టి, అందులో ‘మైక్రోసాఫ్ట్ కనెక్ట్ టెస్ట్’ అనే మాటలే ఉన్నాయా, వేరేవి ఉన్నాయా అని పోల్చి చూసుకుంటుంది. మీ స్క్రిప్టు కూడా పేజీ వచ్చిందా అని అడిగి ఊరుకోకుండా ఏం వచ్చిందో చదవాలి. రీచార్జి పేజీ వస్తే మరమ్మతు వద్దు, తెర మీద ‘బిల్లు కట్టాలి’ అని చూపిస్తే చాలు. పాత డెస్క్‌టాపులున్న నెట్ సెంటర్లలో ఇంకొకటి చూడండి. మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయి తారీఖు వెనక్కి పోతే పింగులన్నీ బాగుంటాయి, బ్యాంకు పేజీలు మాత్రం సర్టిఫికెట్ చెల్లదంటాయి. అది నెట్ తప్పు కానే కాదు.

మరమ్మతుల్లో ఏది ముందు, ఏది వద్దు

ఉన్న అమరికను ముందు ఒక ఫైలులో రాసిపెట్టుకోండి, ఫోనులో ఫోటో కూడా తీసుకోండి: ఐపీ అడ్రసు, గేట్‌వే, డీఎన్‌ఎస్, ప్రింటరు అడ్రసు. టీసీపీ ఐపీ రీసెట్ అనే కమాండు ఇంటర్నెట్‌లో దొరికే ప్రతి స్క్రిప్టులోనూ ఉంటుంది. అది చేతితో పెట్టుకున్న స్థిర అడ్రసులను తుడిచేస్తుంది. బిల్లింగ్ ప్రింటరు, వేలిముద్రల యంత్రం, కెమెరా రికార్డరు, అన్నీ స్థిర అడ్రసుల మీద నడిచే దుకాణంలో ఆ ఒక్క వరుస చాలు, నెట్ తిరిగి వచ్చినా వ్యాపారం నడవకపోవడానికి. విన్‌సాక్ రీసెట్ కూడా అంతే. అది అమలవ్వాలంటే కంప్యూటరు రీస్టార్ట్ కావాలి, కొన్ని రకాల వీపీఎన్‌లు, యాంటీవైరస్‌లు దాని దెబ్బకు పనిచేయడం మానేస్తాయి. ఈ రెండింటినీ ఐదు నిమిషాలకోసారి నడిచే స్క్రిప్టులో పెట్టకండి. మనిషి కూర్చుని, ఆలోచించి, ఒక్కసారి చేయాల్సిన పనులవి.

ఫైర్‌వాల్‌ను ఆపే వరుస కనపడితే కొట్టేయండి. ‘దాన్ని ఆపితే నెట్ వస్తుందేమో చూద్దాం’ అని ఎవరో పరీక్షకు రాసి వదిలేసిన వరుస అది. మళ్లీ వేసే వరుస చాలాసార్లు ఉండదు. డీఎన్‌ఎస్‌ను పబ్లిక్ సర్వరుకు మార్చేముందు కూడా ఆగండి. సంస్థ లోపలి పేర్లతో పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉంటే అది ఆగిపోతుంది.

నెట్‌వర్క్ కార్డులన్నిటినీ ఒకేసారి ఆపకండి. తీగ నెట్ పోయినప్పుడు మీరు ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి పని సాగిస్తూ ఉంటారు, స్క్రిప్టు వచ్చి వైఫై కార్డునూ ఆపి ఆ ఉన్నదీ తెంచేస్తుంది. ఏ కార్డు అన్నది పేరు పెట్టి చెప్పండి. ఆ పేరు కూడా నిలకడగా ఉండదు. డాంగిల్‌ను వేరే యూఎస్‌బీ రంధ్రంలో పెడితే ‘వైఫై’ కాస్తా ‘వైఫై 2’ అవుతుంది. స్క్రిప్టు లేని కార్డును ఆపి వేసి, పని అయిపోయిందని లాగ్‌లో రాసుకుంటుంది. స్క్రిప్టు రోజూ నడుస్తోంది, ఫలితం లేదంటే ఎక్కువగా కారణం ఇదే.

రెండో కారణం అధికారం. అడ్మినిస్ట్రేటరుగా నడపకపోతే కార్డును ఆపడం కుదరదు. నల్ల కిటికీ ఒక్క క్షణం మెరిసి, అనుమతి లేదని చెప్పి మూసుకుపోతుంది. మెరిసింది కాబట్టి పనిచేసిందనుకుంటాం. టాస్క్ షెడ్యూలర్‌లో అత్యధిక అధికారాలతో నడిపే గడి ఎంచుకోండి. అక్కడే ఇంకో గడి ఉంటుంది, కంప్యూటరు మెయిన్ కరెంటు మీద ఉన్నప్పుడే పని మొదలెట్టమనేది. అది ముందే టిక్ పెట్టి వస్తుంది. ల్యాప్‌టాప్ మీద నడిచే దుకాణంలో కరెంటు పోగానే నెట్ తడబడుతుంది, సరిగ్గా అప్పుడే బ్యాటరీ మీదకు మారిన ల్యాప్‌టాప్ స్క్రిప్టును లేపదు. కరెంటు కోతలున్న పేటల్లో ఆ టిక్ తీసేయండి. లినక్స్ వాడేవాళ్లకు ఒక్క మాట. నోట్‌ప్యాడ్‌లో రాసి తెచ్చిన స్క్రిప్టులో వరుస చివర కనపడని అక్షరం ఒకటి ఉండిపోయి అది నడవదు. చేత్తో నడిపితే నడిచి, క్రాన్‌లో నడవకపోతే కమాండుల పూర్తి చిరునామా రాసి చూడండి.

ఎప్పుడు చేయాలి, ఎప్పుడు ఆగాలి

కౌంటరు మీద మనిషి ఉన్న వేళల్లో స్క్రిప్టును తనంతట తాను మరమ్మతు చేయనివ్వకండి. 2011 నవంబరు 4న మీసేవ మొదలైనప్పటి నుంచి ఆదాయ పత్రం దగ్గర నుంచి కరెంటు బిల్లు దాకా ఒకే కిటికీ దగ్గరికి వచ్చాయి. సబ్మిట్ నొక్కి డబ్బు కట్ అయి రసీదు రావాల్సిన ఆ కొద్ది సెకన్లలో స్క్రిప్టు లేచి కార్డును ఆపిందంటే, డబ్బు పోయిందో ఉందో తెలియదు. కుర్రాడు మళ్లీ నొక్కుతాడు, రెండుసార్లు కట్ అవుతుంది. వరుసలో నిలబడ్డ ఖాలా ఊరుకుంటుందా? పగలు స్క్రిప్టు పరీక్ష చేసి చెప్పాలి, బాగుచేయమంటారా అని అడగాలి. డెస్క్‌టాప్ మీద ఒక బొమ్మ పెట్టి మనిషి నొక్కితేనే మరమ్మతు నడిచేలా చేయండి. దుకాణం మూసిన తర్వాత కెమెరాల కోసమో, బ్యాకప్ కోసమో అది తనంతట తాను నడుచుకోవచ్చు.

వరుసగా మూడు పరీక్షలు విఫలమైతేనే మరమ్మతుకు దిగమనండి. మూడు మరమ్మతులకు ఫలితం లేకపోతే చేతులెత్తేయమనండి. ఆ తర్వాత మళ్లీ పరీక్షించేముందు వేచి ఉండే సమయాన్ని రెట్టింపు చేసుకుంటూ పోవాలి: పది నిమిషాలు, ఇరవై, నలభై. ఎవరో వచ్చి చూసేదాకా అంతకు మించి ఏమీ చేయకూడదు. స్క్రిప్టుకు ఈ ఆగడం నేర్పడమే అన్నిటికంటే కష్టమని నా అభిప్రాయం. రాసేవాళ్లందరికీ బాగుచేయడం మీదే ధ్యాస.

ఎక్కడ ఆగాలో పెద్ద పెద్దవాళ్లే నేర్చుకోలేకపోయారు. 2003 ఆగస్టులో వెల్చియా అనే కంప్యూటరు పురుగు (వార్మ్) వచ్చింది. బ్లాస్టర్ అనే దొంగ పురుగును తొలగించి, మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ప్యాచ్ దింపి వేయడం దాని పని. ఉపకారమే. కానీ అది ఒక్కో కంప్యూటరును వెతకడానికి కొట్టిన పింగులతో నెట్‌వర్కులు ఉక్కిరిబిక్కిరై ఆగిపోయాయి. ఆ సెప్టెంబరులో అమెరికా విదేశాంగ శాఖ వీసా తనిఖీ వ్యవస్థ కూడా కొన్ని గంటలు నిలిచింది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్ సుమారు ఆరు గంటలు పోయినప్పుడు మొదటి తప్పు రోజువారీ నిర్వహణ పనిలో కొట్టిన ఒక కమాండుది. ఆ తర్వాత వాళ్ల డీఎన్‌ఎస్ సర్వర్లు తమకు డేటా సెంటర్లు దొరక్కపోయేసరికి ‘మాకే ఒంట్లో బాగాలేదు’ అని తేల్చుకుని, తమ దారులను తామే ప్రపంచం నుంచి వెనక్కి తీసుకున్నాయి. జాగ్రత్త కోసం పెట్టిన ఏర్పాటే మిగిలిన తలుపులూ మూసింది.

ఒకే స్క్రిప్టు రెండు ప్రతులు ఒకేసారి నడవకుండా తాళం వేయండి. స్క్రిప్టు మొదలవగానే ఒక తాళం ఫైలు పెట్టాలి, అది ఉంటే రెండో ప్రతి వెనక్కి పోవాలి. టాస్క్ షెడ్యూలర్‌లోనూ పాతది నడుస్తుంటే కొత్తది మొదలెట్టవద్దని చెప్పండి. ఒకటి కార్డును వేస్తుంటే ఇంకొకటి ఆపుతూ ఉంటే ఎవరు గెలుస్తారు? 2025 అక్టోబరు 20న అమెజాన్ క్లౌడ్ సేవలు ప్రపంచమంతా తడబడటానికి మూలం ఇలాంటిదే. డీఎన్‌ఎస్ పేర్లను ఆటోమేటిగ్గా సరిచేసే రెండు ప్రోగ్రాములు ఒకదాని పనిలో ఒకటి అడ్డుపడి, ఒక ముఖ్యమైన పేరుకు ఉన్న అడ్రసులన్నీ ఖాళీ అయ్యాయి. దాన్ని యంత్రం సరిచేసుకోలేక మనుషులే వచ్చి సరిచేశారు.

మాదాపూర్ బావమరిది దూరం నుంచి రిమోట్‌లో వచ్చి కార్డును ఆపి వేస్తానంటే వద్దనండి. ఆపే కమాండు పనిచేసిన మరుక్షణం ఆయన లైనే తెగుతుంది, వేసే కమాండు ఇక ఎవరు కొడతారు? పది నిమిషాల తర్వాత కార్డును తిరిగి వేసే పనిని ముందుగా షెడ్యూలు చేసి అప్పుడు ఆపాలి. పెద్ద రౌటర్లు చూసుకునే ఇంజినీర్లు ఇదే పాటిస్తారు. జూనిపర్ యంత్రాల్లో మార్పును నిర్ణీత గడువులో ఖాయపరచకపోతే అదే పాత అమరికకు వెళ్లిపోయే సదుపాయం ఉంది, ఉబుంటూలో నెట్‌ప్లాన్‌కు 120 సెకన్ల గడువు ఉంది.

ఎవరి స్క్రిప్టు?

వాట్సాప్‌లో వచ్చిన ‘నెట్ రిపేర్’ ఫైలును చదవకుండా అడ్మినిస్ట్రేటరుగా నడపకండి. మీ కంప్యూటరు తాళాలన్నీ దాని చేతికి ఇచ్చినట్టే. చదవడం రాకపోతే వచ్చినవాళ్లకు చూపించండి. ఎక్కడి నుంచో ఇంకో ఫైలు దింపుకునే వరుస, యాంటీవైరస్‌ను ఆపే వరుస, అర్థంకాని పొడవాటి అక్షరాల గుట్ట ఉంటే అక్కడే ఆగండి. ‘మీ నెట్ బాగుచేస్తాం, ఈ యాప్ వేసుకోండి’ అని ఫోన్ చేసేవాళ్లకు తెర చూపించకండి. అలా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి చెప్పండి, ఆ గంటలో చెప్పినదానికీ మర్నాడు చెప్పినదానికీ చాలా తేడా ఉంటుంది.

స్క్రిప్టులో రౌటరు పాస్‌వర్డు రాసిపెట్టకండి. తీగ నెట్ పోతే పక్క దుకాణం వైఫైకి తానే కలిసేలా రాయకండి. అనుమతి లేకుండా చేస్తే ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కిందికి వస్తుంది. నెట్ సెంటర్ నడిపేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. 2011 సైబర్ కేఫ్ నిబంధనల ప్రకారం వాడకం వివరాలు కనీసం ఏడాది ఉంచాలి. ‘క్లీన్’ చేస్తున్నానంటూ స్క్రిప్టు ఆ లాగులను తుడిచేస్తే పోలీసులు అడిగిన రోజు జవాబు చెప్పుకోవాల్సింది మీరే. అలాగని స్క్రిప్టు సొంత లాగ్‌ను ఇష్టం వచ్చినట్టు పెరగనివ్వకండి, డిస్కు నిండితే బిల్లింగ్ ఆగుతుంది.

ఊరేగింపు రోజులు, వాన రోజులు

లాల్ దర్వాజా బోనాలు, బాలాపూర్ నుంచి చార్మినార్ మీదుగా సాగే వినాయక నిమజ్జనం, దబీర్‌పురా నుంచి ఏనుగు మీద బయలుదేరే బీబీ కా ఆలం. ఆ దారుల్లో మీ దుకాణం ఉంటే ముందు రోజు సాయంత్రమే స్క్రిప్టును ఆపేయండి. ఆ రోజు నెట్ పోతే అది తీగ సంగతే అయి ఉంటుంది. ఫోన్ హాట్‌స్పాట్‌కు డేటా ఉందో లేదో చూసుకోండి. వేలాడే కేబుల్ ఊరేగింపుకు అడ్డొస్తోందని కర్రతో ఎత్తడానికి మీ కుర్రాళ్లను పంపకండి. ముందే 1912కు చెప్పండి.

2020 అక్టోబరు వానల్లో ఫలక్‌నుమా వైపు అల్ జుబైల్ కాలనీ మునిగింది. 2025 సెప్టెంబరు చివర్లో మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్లొచ్చాయి. లోతట్టు దుకాణాల్లో యూపీఎస్‌ను, ఎక్స్‌టెన్షన్ బాక్సును నేల మీద పెట్టకండి, నడుమెత్తు అల్మారా మీద పెట్టండి. నీళ్లు లోపలికి వచ్చాక యూపీఎస్ ఇంకా కూస్తోందని దాని ప్లగ్గు పీకడానికి నీళ్లలో దిగకండి. మెయిన్ ఆపినా యూపీఎస్ బ్యాటరీ మీద 230 వోల్టులు ఇస్తూనే ఉంటుంది. ఇది చాలామందికి తట్టదు. తడిసిన రౌటరును ఆరబెట్టి వెంటనే కరెంటు ఇవ్వకండి.

ఫిర్యాదు చేసేటప్పుడు ‘నెట్ గయా భాయ్’ అంటే అవతలి మనిషి రౌటరు ఆఫ్ చేసి ఆన్ చేయమంటాడు, సంభాషణ అక్కడే ఆగుతుంది. స్క్రిప్టు లాగ్ నుంచి నాలుగు ముక్కలు చదవండి: ఎన్ని గంటలకు పోయింది, రౌటరు పలుకుతోందా, బయటి అడ్రసులు పలుకుతున్నాయా, ఎల్‌ఓఎస్ దీపం ఏ రంగులో ఉంది. రౌటరు పలికి బయటిది పలకక, దీపం ఎర్రగా ఉందంటే ఆయన కూడా ఇక మీ కంప్యూటరు గురించి అడగడు, ఫైబర్ కలిపే మనిషిని ఎప్పుడు పంపగలడో చెప్తాడు. ఫిర్యాదు నంబరు రాసుకుని, ఆ మనిషి వచ్చి వెళ్లేదాకా స్క్రిప్టును ఆపే ఉంచండి.